యాత్రాకథనమున ఏకాంతము

ఘాజియాబాద్ పట్టణము ఒక సరాయి చుట్టును పెరిగినది. 1740లో మొగలు దర్బారు వజీరగు ఘాజీయుద్దీను హిండన్ నదికి చేరువలో బాటసారుల నిమిత్తము 120 గదుల సరాయి నొకదానిని కట్టించి, ఊరికి ఘాజీయుద్దీన్‌నగర్ అని తన పేరు పెట్టెను. రైలుమార్గము వచ్చిన పిమ్మట ఆ పొడవైన పేరు కుదించుకొనిపోయి నేటి రూపమునకు వచ్చినది. సరాయి ఆవరణలో ఇప్పుడు జనులు ఇండ్లు కట్టుకొని కాపురమున్నారు. పాత ద్వారమును, ప్రాకారశకలములును మాత్రము మిగిలినవి. సరాయి యనగా కేవలము తలమీద కప్పు కాదు. తూర్పునుండి వచ్చిన వర్తకుడును, పడమటికి పోవు సిపాయియు ఒకే బావి నీరు తోడుకొని, ప్రక్కప్రక్కనే పొయ్యి రాజవేసికొని, ముందు త్రోవలో దొంగలభయ మున్నదా, ఏరు దాటవచ్చునా యని ఒకరి నొకరు అడిగి తెలిసికొను చోటు అది. ఆనాటి యాత్రికుడు ఒంటరిగా బయలుదేరినను చీకటిపడువేళకు ఒంటరిగా ఉండుటకు వీలులేదు.

నేడు అదే పట్టణమునుండి బయలుదేరు వ్యాను సరాయికి పూర్తిగా విరుద్ధమైన వస్తువు. పడకయు, పొయ్యియు, నీళ్ల డబ్బాలును బండిలోనే యుండును. తెల్లవారుజామున ఢిల్లీ దాటినచో బికనీరు మీదుగనో, జోధ్‌పూరు మీదుగనో సుమారు 800 కిలోమీటర్లు పడమటికి పోయి జైసల్మేరు ఇసుకదిబ్బల ప్రక్కన బండి నిలుపుకొని, ఎవ్వరినీ ఒక్క మాట అడుగకుండ నిద్రింపవచ్చును. చలికాలమున ఇట్టి యాత్ర చేయువారికి కొదువ లేదు. ఉద్యోగరీత్యా రాజధాని పరిసరముల స్థిరపడిన తెలుగువారును అందు గలరు. వారిలో కలముపట్టినవారు తిరిగివచ్చి వ్రాయు రచనలలో మొట్టమొదట కనబడు మాట ‘ఒంటరిగా’ అనునది. ఆ మాట ఎంతవరకు నిజము, నిజము కానప్పుడు రచనకు కలుగు నష్టమేమి యను ప్రశ్న తెలుగు యాత్రాసాహిత్యమున ఇంకను సరిగా చర్చకు రాలేదు.

మన యాత్రాసాహిత్యమునకు ఆదిగ్రంథము ఏకాకి రచన కాదు. చెన్నపట్టణము సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రిటరు ఉద్యోగము చేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరిరి. పల్లకీలు, బోయీలు, డేరాలు, వంటవారు, బంధుమిత్రులు, అంతయు కలిసి ఇంచుమించు నూరుమంది పరివారము ఆయన వెంట నడిచినది. దారిపొడుగునను దినచర్యగా వ్రాసి మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి పంపుచు వచ్చిన ఆ రచన, ఆయన 1836లో గతించిన పిమ్మట 1838లో శ్రీనివాసపిళ్ళగారి పూనికవలననే అచ్చుపడినది. తరువాత శతాబ్దమునకు, 1941లో, దిగవల్లి వేంకటశివరావుగారు దానిని పరిష్కరించి పునర్ముద్రించుటచేత కాశీయాత్రచరిత్ర మరల పాఠకలోకము చేతికి వచ్చినది.

ఆ గ్రంథమున నిత్యము కనబడు విషయములు నాలుగు: ఊరికి ఊరికి నడుమ దూరము, త్రోవ ఇసుకపరయా రాతినేలయా అను వివరము, మజిలీలో జలవసతి, అంగళ్లలో దొరకు సరకులు. కావ్యరసికులకు ఇవి విసుగు పుట్టింపవచ్చును. కాని వీరాస్వామయ్యగారు వ్రాసినది తన ఖ్యాతికొరకు కాదు. రేపు ఇదే త్రోవను మరియొకడు కాలినడకను వచ్చును, వానికి ఇచట మంచినీరు దొరకునో లేదో తెలియవలెను అను తలంపు ప్రతి మజిలీలోను లోపల పనిచేయుచున్నది. ‘జలవసతి’ అను ఆ ఒక్క మాట పదిపదిగా పునరుక్తమగుచుండుటలో గ్రంథకర్త స్వభావము తెలియును. పాఠకుని ఆయన రాబోవు బాటసారిగా భావించెను; తన్ను చూచి మెచ్చుకొనవలసిన ప్రేక్షకునిగా భావింపలేదు.

దీనిలో లోపము లేకపోలేదు. నూరుమంది నడుమ నడచువాడు తనలోనికి తాను చూచుకొనుట అరుదు. వీరాస్వామయ్యగారు మతాచారములను గూర్చియు, కుంపిణీ పాలనను గూర్చియు తర్కించునే గాని, రాత్రి డేరాలో నిద్రపట్టనప్పుడు ఏమి తోచెనో చెప్పువారు కారు. మరియొకటి: పల్లకి మోసిన బోయీలు ఆ గ్రంథమున ఒక సమూహముగనే నిలిచిపోయిరి. యజమానునకు వారియెడ దయ యున్నది, లెక్కయు నున్నది. కాని వారిలో ఒక్కని ముఖమైనను పుస్తకము మూసిన పిమ్మట పాఠకునకు జ్ఞాపకము రాదు. నూరుమందితో పోయినవాడును రచనలో ఒంటరియే కావచ్చునని ఇది తెలుపుచున్నది. దీనికి విలోమమైన ఉదాహరణము మాచవరపు ఆదినారాయణగారి భ్రమణకాంక్ష. ఆయన ఒంటరిగా కాలినడకను ఊళ్లు తిరిగిన మనిషి. ఐనను ఆ పుటలలో త్రోవపొడుగునను జనమే.

ఎడారి సంగతి వేరు. తెలుగు కవికి ఎడారి చూచిన వస్తువు కాదు, విన్న వస్తువు. ఎండమావి, మరుభూమి, ఒయాసిస్సు అను మాటలు భావకవిత్వమునుండి సినిమాపాటవరకు విరివిగా వాడబడినవి. దాదాపు అన్నిచోట్లను అవి మనస్సులోని శూన్యమునకు పేర్లే. ఇసుక వేడి ఎంత, అందు ఏ చెట్టు మొలచును అను ప్రశ్న ఆ కవిత్వమునకు అక్కరలేకపోయినది. ఎండిన నేలను కంటితో చూచి వ్రాసిన కవి యొకడున్నాడు. విద్వాన్ విశ్వముగారు పెన్నేటిపాటలో అనంతపురము సీమ కరవును, నీరులేని పెన్నను పాడిరి. అయితే అనంతపురములో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడును. జైసల్మేరులో 200 మిల్లీమీటర్లైనను పడదు. వానకై ఎదురుచూచు నేల వేరు, వానపై ఆశపెట్టుకొనక బ్రతుకుట నేర్చిన నేల వేరు. అనంతపురమును ఎడారి యనుట పత్రికలవారికి అలవాటైనది గాని ఆ మాటవలన రెండు నేలలకును అన్యాయమే జరుగుచున్నది.

కావున ఈనాడు వ్యానులో థార్ ఎడారికి పోవు తెలుగు రచయిత వెంట నిజమైన ఎడారి యొక్క భాష లేదు. ఉన్నది ఎండమావుల అలంకారము. దానికి తోడు పాశ్చాత్యుల ‘ఏకాకి యాత్ర’ అను నమూనా. ఈ నమూనాను కొంచెము పరీక్షింపవలసి యున్నది.

అమెరికా నవలాకారుడగు జాన్ స్టైన్‌బెక్ 1960లో ఒక చిన్న లారీపై గది కట్టించి, దానికి డాన్ క్విక్సోట్ గుఱ్ఱము పేరు రొసినాంటె అని పెట్టి, చార్లీ యను కుక్కను తోడుగొని దేశమును చుట్టివచ్చెను. ట్రావెల్స్ విత్ చార్లీ యను ఆ గ్రంథము 1962లో వెలువడినది. ఆ సంవత్సరమే ఆయనకు నోబెలు బహుమానము లభించినది. మొహావీ ఎడారిలో రెండు కొయోటీలు (నక్కజాతి జంతువులు) ఎదుట నిలువగా తుపాకి గురిపెట్టియు కాల్చలేక, కుక్కకై తెచ్చిన ఆహారపు డబ్బాలు రెండు తెరచి వానికొరకు విడిచివచ్చిన ఘట్టము ఆ పుస్తకమున ప్రసిద్ధము. వ్యానులో ఒంటరియాత్ర యనగానే తరువాతివారి మనస్సులో మెదలు చిత్రమునకు మూలము ఈ గ్రంథమే యనవచ్చును.

అర్ధశతాబ్ది గడచిన పిమ్మట, 2010లో, బిల్ స్టైగర్‌వాల్డ్ అను పత్రికారచయిత ఆ మార్గముననే బండి తోలుకొని పోయి, ఉత్తరములను, వ్రాతప్రతిని పరిశీలించి, స్టైన్‌బెక్ అనేక రాత్రులు లారీలో పండుకొనలేదనియు, హోటళ్లలో బసచేసెననియు, పశ్చిమతీరమున చాలదూరము భార్య ఎలేన్ ఆయన ప్రక్కనే యుండెననియు, కొన్ని సంభాషణలు కల్పితములై యుండుననియు ప్రకటించెను. 2012లో వెలువడిన స్వర్ణోత్సవ ముద్రణకు జే పరీనీ వ్రాసిన పీఠికలో, దీనిని అక్షరాల జరిగిన యాత్రగా గ్రహింపరాదని హెచ్చరిక చేరినది.

దీనిని విని కొందరు, నవలాకారునకు కల్పన స్వభావమే గదా, తప్పేమి యనిరి. ఆ సమాధానము చాలదు. సంభాషణలను కొంత తీర్చిదిద్దుట యొకటి. ప్రక్కన కూర్చున్న మనిషిని పుటలోనుండి దింపివేయుట మరియొకటి. అపుడు కథనమునకు ఏకాంతము అవసరమైనది. అవసరమైనందున ఆమె కనబడకుండ పోయినది. హోటలు పడక సంగతి దాచుటవలన ఎవ్వరికిని నష్టము లేదు. తోడుగా ఉన్న మనిషిని దాచుటవలన యాత్రికుని ధైర్యము, తెలివి, ఓర్పు అన్నియు ఉన్నదానికంటె ఎక్కువగా కనబడును. యాత్రాచరిత్ర చదువువాడు దేనిని నమ్మి చదువునో, దానినే ఇది దెబ్బతీయుచున్నది.

నిజముగ ఒంటరిగా వ్యానులో తిరిగినవాడు విలియం లీస్ట్ హీట్-మూన్. ఉపాధ్యాయోద్యోగము పోయి, సంసారము చెదరి, 1978లో అతడు పాత ఫోర్డు వ్యానుతో సుమారు 13,000 మైళ్లు చుట్టెను. బ్లూ హైవేస్ అను అతని గ్రంథము 1982లో వచ్చినది. ఇందు విశేషమేమనగా, ప్రక్కన ఎవ్వరును లేని యీ మనిషి గ్రంథమునిండ ఇతరుల మాటలే. చిన్న ఊళ్లలోని దుకాణదారులు, రైతులు, సన్న్యాసులు తమ యాసలలో మాటలాడుచుందురు. వారిలో పలువురి ఛాయాచిత్రములను సైతము అతడు చేర్చినాడు. ఒంటరితనము అతనికి చెప్పుకొనవలసిన ఘనకార్యము కాలేదు. వినుటకు తీరిక కలిగించినది.

ఎడారి విషయమున అన్నిటికంటె శ్రద్ధగా చదువదగినది రాబిన్ డేవిడ్‌సన్ రచన. 1977లో ఆమె నాలుగు ఒంటెలను, ఒక కుక్కను వెంటబెట్టుకొని ఆస్ట్రేలియాలోని ఆలిస్ స్ప్రింగ్స్ నుండి హిందూమహాసముద్రతీరమువరకు 1,700 మైళ్లు నడచినది. ట్రాక్స్ అను గ్రంథము 1980లో వచ్చినది. లోకము ఆమెను ఏకాకి యాత్రికురాలుగ కొనియాడినది. గ్రంథము విప్పిచూచినచో ఆమె ఆ కీర్తిని ఎట్లు తగ్గించుకొన్నదో తెలియును. యాత్రకు ధనము ఒక అమెరికా పత్రిక ఇచ్చినది; అందుకు బదులుగా ఛాయాచిత్రకారుడు నడుమనడుమ వచ్చి కలియుచుండెను; అతనిని చూచినప్పుడెల్ల తన స్వేచ్ఛను అమ్ముకొంటినని ఆమె కుమిలిపోయినది. ఇదంతయు దాచలేదు. ఎడ్డీ యను ఆదివాసి వృద్ధుడు కొంతదూరము తోడు నడచుటయు, ఆ నేలను ఆయన చూచు తీరును తాను నేర్చుకొనుటయు ఆ గ్రంథమునకు హృదయభాగము. విషపు ఎర తిని కుక్క చనిపోయిన తరువాతి పుటలలో మాత్రమే ఆమె నిజముగ ఒంటరి; అచట వాక్యములు తమంతట తామే పొట్టివైపోయినవి. తోడును దాచకుండ చెప్పినందుననే తోడు లేకపోయిన క్షణము పాఠకునకు గట్టిగా తగులుచున్నది. స్టైన్‌బెక్ గ్రంథమునకు ఈ బలము చేకూరకపోవుటకు కారణము వేరుగ వెదకనక్కరలేదు.

ఆమెయే తరువాత మన దేశమునకు వచ్చి రాజస్థాన్, గుజరాతులలో ఒంటెలు, గొర్రెలు మేపుచు సంచరించు రబారీలతో తిరిగి, 1996లో డెజర్ట్ ప్లేసెస్ అను గ్రంథము ప్రకటించినది. ఇది అపజయముల గ్రంథము. భాష రాదు, పోయినచోటనెల్ల జనము మూగుచుండిరి, ఒక్క గడియయైన ఏకాంతము దొరకలేదు. ఆమె విసుగును కూడ ఉన్నదున్నట్లే చెప్పినది. దీనికి భౌగోళికమైన హేతువున్నది. లోకములోని ఎడారులలో జనసాంద్రత మిక్కిలి హెచ్చుగ నున్నవానిలో థార్ ఒకటి. అచట ప్రతి దిబ్బకు ఆవల ఒక ఢాణీ, ఒక మంద, ఒక బావి యుండును. థార్ ఎడారిలో ‘కనుచూపుమేర మనుష్యుడు లేడు’ అని వ్రాసిన రచయిత తరచు చూపు సారింపనివాడే కాని నిజముగ నిర్జనప్రదేశమునకు పోయినవాడు కాడు. సహారాకును, మొహావీకిని చెల్లిన వర్ణన జైసల్మేరునకు అతుకదు.

అయినచో థార్‌ను గూర్చి ఏమి వ్రాయవలెను? దీనికి సమాధానము ఢిల్లీలోనే, హిందీలోనే దొరకుచున్నది. గాంధీ శాంతి ప్రతిష్ఠానములో పనిచేసిన అనుపమ్ మిశ్ర, కవి భవానీప్రసాద్ మిశ్రగారి కుమారుడు, 1995లో రాజస్థాన్ కీ రజత్ బూందేఁ అను గ్రంథము ప్రకటించెను. అందు అచటి జనులు నీటిని మూడు తెగలుగ విభజించు విధము చెప్పబడినది: వానగా పడి నేలపై పారునది పాలర్ పానీ, పాతాళమునుండి తోడునది పాతాళ్ పానీ, ఇది తరచు ఉప్పన, ఈ రెంటికిని నడుమ, ఇసుకలోనికి ఇంకి అడుగున నున్న సుద్దపొరవలన మరింత క్రిందికి దిగక తేమగా నిలుచునది రేజాణీ పానీ. ఈ మూడవ నీటికై త్రవ్వు ఇరుకు బావిని కుఁయీ అందురు. మనిషి కూర్చుండి చేయి ఆడించుటకే చాలీచాలని ఆ గోతిలో దిగి త్రవ్వువానికి ఊపిరాడదు, ఉడుకు భరింపరాదు. పైన నిలిచినవారు గుప్పెడు గుప్పెడుగా ఇసుకను లోనికి విసరుచుందురు. ఆ ఇసుకతోడి చల్లగాలి అడుగునకు దిగి, వేడిగాలి పైకి వచ్చును. ఇసుక నెత్తిన పడకుండ లోపలివాడు లోహపు టోపీ పెట్టుకొనును.

పైనుండి ఇసుక విసరు చేయియు, అడుగున త్రవ్వు చేయియు, రెండును కలిసిననే ఎడారిలో కుండెడు నీరు పుట్టును. మిశ్రగారు ఈ సంగతిని వ్రాయునప్పుడు ‘నేను పోయితిని, నేను చూచితిని’ అని ఒక్కచోటను ముందుకు రారు. గ్రంథకర్త ఎన్ని మైళ్లు తిరిగెనో, ఎచట పండుకొనెనో తెలియదు. చదివినవాడు ఎడారిని మాత్రము మరువలేడు. ఇట్లు వ్రాయుటయే ధర్మమని శాసింపనక్కరలేదు. ‘నేను’ లేని యాత్రాచరిత్ర అందరివలనను కాదు, అందరికి రుచింపదు కూడను. కాని ‘నేను’ అను మాట ఎంతచోటు ఆక్రమించిన అంతమేర ఇంకొక వస్తువు పుటనుండి తొలగిపోవుచున్నదను లెక్క రచయిత మనస్సులో నుండవలెను.

తెలుగు రచయితకు థార్‌లో పరాయితనము ఉన్నంతగా తోచును గాని లేదు. రాజస్థానమున ఖేజ్డీ యని పిలుచు చెట్టు మన జమ్మియే. పాండవులు అజ్ఞాతవాసమునకు పోవుచు ఆయుధములు దాచిన చెట్టు, దసరానాడు ఆకు చేతిలో పెట్టి పెద్దలకు నమస్కరించు చెట్టు, తెలంగాణమునకు రాష్ట్రవృక్షము. మనము పూజించి విడిచిపెట్టు ఆ చెట్టుకాయలను వారు సాంగ్రీ యని ఎండబెట్టి ఏడాదిపొడుగునను కూర వండుకొందురు; ఆకు పశువులకు మేత. 1730లో జోధ్‌పూరునకు చేరువగ ఖేజడ్లీ గ్రామమున ఆ చెట్లు నరుకుటకు రాజభటులు రాగా, బిష్ణోయీలు వానిని కౌగిలించుకొని 363 మంది ప్రాణములు విడిచిరి. జమ్మిని గుర్తింపని తెలుగు యాత్రికుడు ఎడారిలో ‘ఏదో ముండ్లచెట్టు’ అని వ్రాసి ముందుకు సాగును. గుర్తించినవాడు బండి ఆపును.

లంబాడీల సంగతియు ఇట్టిదే. రాజస్థానీకి సన్నిహితమైన గోర్‌బోలీ మాటలాడుచు, ఎద్దులపై ఉప్పు, ధాన్యము మోయించుకొని శతాబ్దులపాటు దేశమంతయు తిరిగి, ఆంధ్ర తెలంగాణములలో నిలిచిపోయిన జనమది. మనము ఇప్పుడు పల్లెపేరుగ వాడు ‘తాండా’ యను మాట ఒకప్పుడు నడచుచుండు బిడారునకు పేరు. ఇంటిని వెంటదీసికొని పోవుట వ్యాను వచ్చిన తరువాత పుట్టిన విద్య కాదు. పడమటి ఎడారిదిక్కునుండి గోదావరీ కృష్ణా తీరములకు వచ్చిన ఈ యాత్రను గూర్చి తెలుగున యాత్రాచరిత్ర యేదియు పేరెన్నికగ లేదు. ఘాజియాబాద్ నుండి పడమటికి పోవు రచయిత ఆ త్రోవను వ్యతిరేకదిశగ తొక్కుచున్నాడు. దారిలో చెవిని పడు మాటలు కొన్ని తన జిల్లా తాండాలో వినియుండిన మాటలే యని తెలిసినచో ఆ రచనకు వేరొక లోతు వచ్చును.

వ్యానునందు ఒక ప్రలోభమున్నది. కిటికీ అద్దము వెనుక కూర్చున్నవానికి లోకము చిత్రపటమువలె జరిగిపోవును. అతడు కదలుచున్నను లోకమే కదలుచున్నట్లుండును. సరాయిలో అడిగి తెలిసికొనవలసినదంతయు బండిలోనే అమర్చుకొన్నందున అడుగుట యను పనియే తప్పిపోవుచున్నది. అడుగనివానికి సమాధానము రాదు. సమాధానము లేని రచనలో మిగులునది సూర్యాస్తమయము. ఎడారి సూర్యాస్తమయమును వర్ణింపని యాత్రారచన కనబడుట అరుదు. వాని నన్నిటిని ఒకచోట చేర్చినను ఒక ఊరి పేరైన తెలియదు. రాత్రి చలికి వణకుచు బండిలో పండుకొన్నప్పుడు కలుగు భయమును, బెంగను వ్రాయుట తప్పుకాదు. అది వీరాస్వామయ్యగారి కాలమున లేని లాభమే. ఆయన చెప్పని లోపలిమాట ఈనాటి ఒంటరి యాత్రికుడు చెప్పగలడు. అందుకు అతనికి తీరికయు, చీకటియు, నిశ్శబ్దమును ఉన్నవి.

అయితే తెల్లవారినపిమ్మట అతని నీళ్ల డబ్బా ఖాళీ యగును. దానిని ఎచటనో నింపవలెను. 1958లో ప్రారంభమై, తరువాత ఇందిరాగాంధి పేర వెలయు కాలువనుండి వచ్చిన కుళాయినీరో, ఒక గృహస్థు తన వాకిట టాంకాలో నిలువచేసికొన్న వాననీరో ఆ డబ్బాలో పడును. ఒక్క ఏడాది వానకు నిండి సంవత్సరము పొడుగునను ఇంటిల్లిపాదికి చాలవలసిన టాంకానుండి ఇరువది లీటర్లు పరాయివానికి ఇచ్చుట చిన్న సంగతి కాదు. ఆ నీరు ఎవరిచ్చిరి, ఏ ఊరిలో, అది పాలర్ పానీయా రేజాణీయా, ఇచ్చునప్పుడు వారేమనిరి అనునది ఏకాకి యాత్రల పుటలలో వెదకినను సాధారణముగ దొరకదు. కాశీయాత్రచరిత్రలో మాత్రము ప్రతి మజిలీ కడను దొరకును.